పిడికెడు పాత దూది

ఇప్పుడు నేను మా మిద్దె మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. మొత్తం పదిహేను మెట్లు. ఇదేం గొప్ప అని మీకనిపించవచ్చు. ఏడాది కింద నాలుగో మెట్టు మీద కూలబడి, ఐదో మెట్టును పాత పగవాడిని చూసినట్టు చూసినవాడిని. మా అమ్మాయి రేష్మ "రాయి నాయినా, నీకైంది నలుగురికి తెలవాలె" అని పోరగా పోరగా ఈ కాగితాలు ముందేసుకున్నాను. చదివింది పదో తరగతి. తప్పులుంటే రేష్మ దిద్దుతానంది.

నా పేరు ఖాసిం. మాది ఆత్మకూరు. దూదేకుల వృత్తి మాది. తాత విల్లు పట్టుకుని ఊరూరా తిరిగి దూది ఏకాడు. నాయిన కూడా విల్లుతోనే మొదలుపెట్టి చివర్లో మిషన్ కొన్నాడు. నేను మిషన్ మీదే బతికాను. పాత పరుపులు విప్పి, గట్టిపడిన దూదిని మళ్లీ ఏకి, కొత్త గుడ్డలో కూర్చి కుట్టడం నా పని. మా రేకుల షెడ్డుకు తలుపు వేసుకుని పని చేస్తాం. తెరిస్తే దూది అంతా వీధిపాలవుతుంది కదా.

నాకు నా ముక్కు మీద గర్వం ఎక్కువ. పరుపు విప్పి గుప్పెడు దూది తీసి ముక్కుకు ఆనించుకుంటే ఆ ఇంట్లో పసిపిల్లలున్నారో, మేకలున్నాయో, ముసలాయన చుట్ట తాగుతాడో చెప్పేవాడిని. జనం నవ్వేవాళ్లు. నేను ఇంకా గట్టిగా పీల్చేవాడిని.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఇంట్లోకి కొత్త దిండో పరుపో చేసినప్పుడల్లా పెద్దల దిండులోంచి పిడికెడు పాత దూది తీసి అందులో కలుపుతాం. దిండును మేం మెత్త అంటాం. తాత మెత్తలో పిడికెడు నాయిన మెత్తలోకి వచ్చింది. నాయిన పోయాక ఆయన మెత్తను నేనే వాడుకున్నాను. పైన తొడిగే గలీబు మార్చాను తప్ప లోపలి దూదిని కదపలేదు. దానికి ఒక వాసన ఉండేది. అది నాయిన వాసన అని నా నమ్మకం. రోజంతా మిషన్ దగ్గర ఎంత అలిసినా ఆ మెత్త మీద తల పెడితే చిన్నప్పుడు ఆయన పక్కలో పడుకున్నట్టే ఉండేది.

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వానకాలంలో దగ్గు మొదలైంది. ఆ ఏడు ముసురు బాగా పట్టింది. మేం పడుకునే మిద్దె మీది గదికి రేకులే, వాటి సందుల్లోంచి నీళ్లు కారి పడకంతా తడిసింది. ముసురు విడిచాక మెత్తను నాలుగు రోజులు ఎండలో పెట్టాను. పైన ఆరింది, ఇక చాలనుకున్నాను. తడిసిన పరుపులు ఊరివాళ్లు కూడా బోలెడు తెచ్చారు. నల్లమచ్చలున్న దూదిని ఏకుతుంటే పొగ లేచినట్టు ధూళి లేచేది.

దూదేకేవాడికి దగ్గు కొత్తా? మా వాళ్లందరూ దగ్గినవాళ్లే. పని ముగిశాక బెల్లంముక్క నోట్లో వేసుకుంటే గొంతులోని పోగు దిగిపోతుందని మా నమ్మకం. నేనూ బెల్లం తిన్నాను. దగ్గు తగ్గలేదు కానీ మా ఇంట్లో చీమలు మాత్రం బలిశాయి. నాయిన కూడా చివరి రెండేళ్లు ఇలాగే దగ్గి దగ్గి పోయాడు. దూది దగ్గు అన్నారంతా. ఆయనకు ఏమైందో ఎవరూ చూడలేదు, మేమూ చూపించలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

అప్పుడు మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు చిన్న తెల్ల గోలీలు ఐదు రోజులకిచ్చాడు. అబ్బ, ఏం గోలీలవి! రెండో రోజుకే ఛాతీ తేలికైంది, ఆకలి పెరిగింది, ముఖం నిండింది. ఐదు రోజులయ్యాక మానేస్తే వారంలో మళ్లీ దగ్గు. ఈసారి నేను డాక్టరు దగ్గరికి పోలేదు. ఖాళీ గోలీల పట్టీ మందుల దుకాణంలో చూపించి తెచ్చుకున్నాను. అలా దాదాపు ఏడాది పాటు తెచ్చుకుంటూనే ఉన్నాను. నా భార్య హుస్సేనమ్మ అడిగితే బలానికి అని చెప్పాను.

మరుసటి ఏడు వానలు పడేసరికి గోలీలు కూడా పని చేయడం మానేశాయి. ఏకు మేకై కూర్చుంది. ఈల వేసినట్టు ఊపిరి, గోధుమరంగు ముద్దలుగా కఫం, పక్కకు తిరిగితే ఆయాసం. ముఖం ఉబ్బి, కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి. పరుపులు పక్కన పెట్టేశాను. బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్లు వీధిలో ఆడుతుంటే కిటికీ దగ్గర కూర్చుని చూడటమే నా పని.

అందరూ టీబీ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. పాలమూరు దవాఖానలో రెండుసార్లు కఫం పరీక్ష చేసి టీబీ కాదన్నారు, పట్నం పోయి ఛాతీ డాక్టర్లకు చూపించుకొమ్మని చీటీ రాశారు. చీటీ సంగతి ఊరికి తెలియదు కదా. మూలమీది హోటల్లో నాకు విడిగా కాగితం గ్లాసు పెట్టారు. నేను అందులోనే తాగి వచ్చాను. హుస్సేనమ్మ మాత్రం మరునాడు ఇంటి నుంచి స్టీలు గ్లాసు పట్టుకెళ్లి, హోటలాయన ముందు టక్కున పెట్టింది.

"మా ఇంటాయన దీంట్లనే తాగుతడు. తాగినంక నేనే కడిగి తీస్కపోత. నీకేమన్న తక్లీఫా?"

హోటలాయన సిగ్గుపడి ఆ రోజు చాయ్ ఊరికే పోశాడు. ఆ చాయ్ మాత్రం బాగుంది.

దసరా మరునాడు గద్వాల నుంచి రేష్మ ఫోన్ చేసింది. పెళ్లయిన మూడేళ్లకు నెల తప్పింది. హుస్సేనమ్మ ఏడుస్తూ నవ్వింది. నేను ఫోన్ అందుకుని, దగ్గు మధ్యలో మాట చొప్పించి, "బిడ్డా, ఉయ్యాల పరుపు నేనే ఏకుత. ఇంకెవలకు చెప్పకు" అన్నాను.

"నువ్వు మంచిగుండు నాయినా. పరుపుదేముంది" అంది.

ఆ మాట నన్ను గుచ్చింది. నేను ఆ బిడ్డను చూస్తానని మా అమ్మాయికే నమ్మకం లేదని అర్థమైంది. నిజం చెప్పాలంటే నాకూ లేదు. కాన్పుకు ఏడు నెలలుంది. నాకు మెట్టు తర్వాత మెట్టు ఎక్కడమే గగనంగా ఉంది. అప్పటి నుంచి నా మనసులో ఒక్కటే మాట. ఆ ఉయ్యాల పరుపు ఏకేదాకా ఊపిరి ఉండాలి.

దీపావళి పోయాక పట్నం వెళ్లాం. ఛాతీ జబ్బుల దవాఖాన వరండాలో పొడుగాటి బెంచీలు. కూర్చున్నవాళ్లంతా దగ్గేవాళ్లే. ఒకరు మొదలుపెడితే పక్కవాడు అందుకుంటాడు, బెంచీ చివరిదాకా పోయి మళ్లీ మొదటికి వస్తుంది. మొదటి రోజు ఎవరినీ చూడబుద్ధి కాలేదు. రెండో రోజు నా పక్కన హుజూర్‌నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. బియ్యం మిల్లులో బస్తాలు మోసి మోసి ఊపిరితిత్తులు పాడయ్యాయట. నేను గాలి కోసం నోరు తెరిచి గుటకలు వేస్తుంటే నా మోకాలు తట్టాడు.

"తమ్మీ, గాలి గుంజుకునేదాని గురించి ఫికర్ చెయ్యకు. వదిలేదాని సంగతి చూస్కో. పెదాలు జర ముడిచి, వేడి చాయ్ ఊదినట్టు మెల్లగ వదులు."

ఊదాను. నాలుగుసార్లు ఊదేసరికి గుండె దడ తగ్గింది. నా పేరు పిలిచినప్పుడు ఆయనే నా చేయి పట్టుకుని తలుపుదాకా తెచ్చి వదిలాడు. ఆయాసపడేవాళ్లు ఇది చదువుతుంటే ఆ చాయ్ ఊదుడు నేర్చుకోండి. నాకు ఇప్పటికీ అదే ఆసరా.

డాక్టరమ్మకు ముప్పై ఐదేళ్లుంటాయేమో. మాట వింటే మిర్యాలగూడ వైపు మనిషని తెలిసిపోయింది. ఛాతీ స్కానింగు, రక్తం, కఫం అన్నీ చూసి చెప్పింది.

"ఖాసిం గారూ, మీది టీబీ కాదు, కేన్సర్ కాదు. ఊపిరితిత్తులల్ల బూజు చేరింది. దానికి మీ ఒళ్లు బాగ గుస్స అయితున్నది. ఇంతకు ముందు ఏమన్న గోలీలు వాడిన్రా?"

"లేదు మేడం" అన్నాను.

హుస్సేనమ్మ సంచి తెరిచి, ఖాళీ గోలీల పట్టీలు పది పదిహేను బల్ల మీద గుమ్మరించింది. నా లుంగీల మడతల్లో, మిషన్ కింద దాచినవన్నీ ఏరి తెచ్చింది. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని కాగితం మీద రెండు గీతలు గీసింది. అది రక్తనాళమట.

"మన రక్తంల తెల్లకణాలు కావలి తిరుగుతుంటయి. ఊపిరితిత్తిల బూజు పడ్డదనుకోండ్రి, అక్కడికెళ్లి రక్తంలకు కబురు పోతది. కబురు అందినంక ఈ కణాలు నాళం గోడను పట్టుకొని ఆగుతయి. సందు చూస్కొని బయటికి జారుతయి. కబురు యాడ గట్టిగుంటె అటే నడుస్తయి."

"నడుస్తయా?" అంది హుస్సేనమ్మ.

"కాళ్లు లేవమ్మా, పాకుతయి. పోయి బూజు మీద పడుతయి. దాన్ని చంపనీకె అవి వదిలే విషం మన కండకు గూడ తగుల్తది. అదే వాపు, అదే ఆయాసం. పని అయిపోతె కొన్ని అక్కడనే చస్తయి, కొన్ని ఎనక్కి పోతయి. ఈయన తాన వచ్చినయి పోతలేవు, కొత్తయి వస్తనే ఉన్నయి. ఇస్నోఫిల్ అని ఒక రకం కణాలు ఉంటయి, అవి గుంపులు గుంపులుగ చేరినయి."

"పెండ్లికొచ్చిన సుట్టాలు పదారు రోజుల పండుగైనా కదలనట్టు" అంది హుస్సేనమ్మ.

డాక్టరమ్మ నవ్వింది. "గంతే అమ్మా. మరి ఈ తెల్ల గోలీలు ఏం చేస్తయంటే, సుట్టాలను దారిలనే ఆపుతయి. వాపు దిగుతది, దగ్గు తగ్గుతది, మనిషి ఖుషీ అయితడు. కానీ బూజుకు ఎదురొచ్చేటోళ్లు లేక అది మంచిగ ఇల్లు కట్టుకుంటది."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. "ఇంక ఆ గోలీలు ముట్ట మేడం" అన్నాను గట్టిగా.

"అది ఇంకా ఖతర్నాక్. ఏడాది వాడినంక ఒక్కసారి ఆపొద్దు. కణాలు రాకుంటె బూజు గెలుస్తది, అన్నీ ఒక్కసారి వస్తె మీ ఊపిరితిత్తి ఓడుతది. బూజు మందు తోడు పెట్టి, అవే గోలీలు మేమే లెక్కగ ఇస్తం, మెల్లగ దించుతం."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. వార్డులో చేర్చుకున్నారు.

మొదటి ఎనిమిది రోజులు అద్భుతంగా గడిచాయి. దవాఖాన మంచం మీద రెక్సిన్ మెత్త ఉండేది. తల పెడితే జారిపోయేది, నిద్ర పట్టేది కాదు, దాన్ని తిట్టని పూట లేదు. కానీ ఊపిరి మాత్రం రోజురోజుకూ తెరుచుకుంటోంది. ఆరో రోజు వరండా చివరిదాకా నడిచాను. రక్తంలో ఇస్నోఫిల్ కణాలు సగానికి సగం తగ్గాయని డాక్టరమ్మ రిపోర్టు చూపించింది. నేను లోపలి చుట్టాలను ఒక్కొక్కరినే బస్సెక్కిస్తున్నట్టు ఊహించుకుని నవ్వుకున్నాను.

నిద్ర లేక నా కళ్లు గుంటలు పడటం హుస్సేనమ్మ చూడలేకపోయింది. తొమ్మిదో రోజు పొద్దున చెప్పాపెట్టకుండా ఊరి బస్సెక్కి, మరునాటి మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. చంకలో నాయిన మెత్త. బస్సులో అంత దూరమూ ఒళ్లో పెట్టుకుని వచ్చిందట.

"ఇగో, నీ పానం" అని నా తల కింద పెట్టింది.

ముఖం అందులో దాచుకుని గట్టిగా వాసన పీల్చాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రం నెలల తర్వాత హాయిగా నిద్రపోయాను.

మూడో రోజుకు మళ్లీ ఈల. నాలుగో రోజు మూతికి ఆక్సిజన్ మాస్కు. రక్తంలో కణాలు మళ్లీ పెరిగాయి. ఆ రోజు నేను నిజంగా భయపడ్డాను. మందులు తగ్గించలేదు, తిండి మారలేదు, మరి ఇదేమిటి? ఇక లాభం లేదనుకున్నాను. రేష్మకు ఫోన్ చేయమని హుస్సేనమ్మకు సైగ చేసి, మళ్లీ వద్దని సైగ చేశాను. ఏడుపు వినిపిస్తే కడుపుతో ఉన్న పిల్ల తట్టుకోలేదని.

డాక్టరమ్మ మంచం దగ్గర నిలబడి చాలాసేపు రిపోర్టులు తిరగేసింది. "కణాలు ఊరికె రావు. ఎవలో రోజూ కబురు పంపుతున్నరు. ఆగిన కబురు మూడు నాలుగు రోజుల సంది మళ్లీ పోతున్నది. ఈ నాలుగు రోజులల్ల కొత్తగ ఏమొచ్చిందమ్మా ఈయన తానికి?"

హుస్సేనమ్మ నా వైపు చూసింది. తర్వాత నా తల కిందికి చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"మెత్త" అంది. "నేనే తెచ్చిన."

డాక్టరమ్మ ఆ మెత్త కథంతా అడిగింది. ఎప్పటిది, ఎప్పుడు తడిసింది, లోపల ఎవరి దూది. హుస్సేనమ్మ ఒక్కటీ దాచకుండా చెప్పింది, పిడికెడు సంగతితో సహా. నేను మాస్కు తీసేసి అరిచాను.

"మా నాయిన మెత్త నా పానం తీస్తదా? బూజుంటె నా ముక్కుకు తెల్వదా? ఊరందరి పరుపులు వాసన జూసి చెప్తా నేను!"

"రోజూ పీల్చే వాసనను ముక్కు మర్చిపోతది ఖాసిం గారూ" అంది డాక్టరమ్మ. మూతికి గుడ్డ కట్టుకుని, కుట్టు దగ్గర చిటికెడు దూది లాగి చిన్న డబ్బాలో వేసుకుంది. మెత్తను ప్లాస్టిక్ సంచిలో పెట్టించి మూతి బిగించి పంపేసింది.

రెండు రోజులు హుస్సేనమ్మతో మాట్లాడలేదు. ఆమె పెట్టింది తిన్నాను, ఇచ్చిన మందు మింగాను, ముఖం మాత్రం గోడవైపే. రెండో రోజు ఆమె నా కాళ్ల దగ్గర కూర్చుని అంది.

"అంత దూరం ఒళ్లె పెట్టుకొని తెచ్చి నేనే నీ తలకింద పెట్టిన. నువ్వు నా మీద గుస్స ఉంటే ఉండు. నాకు నా మీద ఎంతున్నదో నీకు తెల్వదు."

నా కోపం ఆమె మీద కాదని నాకు తెలుసు. ప్రేమతో ఇంత దూరం మోసుకొచ్చిన మనిషిని ఏడిపించినందుకు సిగ్గేసింది. ఆమె చేయి పట్టుకున్నాను. "బుక్కెడు చాయ్ తెస్తవా?" అని మాత్రం అడగగలిగాను. ఆమెకు అది చాలు.

మెత్త లేని ఆ రోజుల్లో ఊపిరి మళ్లీ తెరుచుకుంది. వారం తర్వాత డాక్టరమ్మ మూత బిగించిన గాజుగిన్నె తెచ్చి కిటికీ వెలుగులో చూపించింది. అందులో చిటికెడు దూది చుట్టూ బూడిదరంగు ఆకుపచ్చ నూగు దట్టంగా పరుచుకుంది. నా ఊపిరితిత్తిలో పెరిగిందీ ఇదే రకమట. నేను చాలాసేపు చూశాను. ఇన్నేళ్లు నాయిన వాసన అనుకుని గుండెల నిండా పీల్చుకున్నది ఈ బూజు వాసన. నాయినను కూడా ఇదే మింగిందేమో. తాతను? ఇక ఎవరిని అడుగుతాం.

అప్పుడు గుర్తొచ్చి ఒళ్లు చల్లబడింది. రేష్మ పెళ్లికి రెండు మెత్తలు చేసిచ్చాను. రెండింట్లోనూ పాత పిడికెడు వేశాను. ఆమె కడుపుతో ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"బిడ్డా, నేనిచ్చిన మెత్తలు ఎంబడే తీసెయ్. ఇప్పకు, దులపకు. ప్లాస్టిక్ సంచిల పెట్టి మూతి కట్టి మీ ఆయనతోని బయట పారేపియ్యి."

రేష్మ నసిగింది. "నాయినా, నువ్వు బాధపడనంటె ఒకటి చెప్తా. అవి రాయి లెక్క గట్టిగున్నయని పెండ్లయిన వారానికే సంచిల కట్టి అటక మీదికి ఎక్కించిన. మేము దుకాణంల కొన్న స్పంజి మెత్తలే వాడుతున్నం."

నా జీవితంలో నా పనిని ఎవరైనా అంత మాటంటే వదిలేవాడిని కాదు. ఆ రోజు మాత్రం "అల్లా నిన్ను సల్లగ సూడాలె" అని ఏడ్చేశాను. హుస్సేనమ్మ ఏమైందని కంగారుపడి, విషయం విన్నాక నవ్వు ఆపుకోలేకపోయింది.

సంక్రాంతికి ముందు ఇంటికొచ్చాం. దవాఖానవాళ్లు మూతి కట్టి పెట్టిన మెత్తను నేను అడిగి వెంట తెచ్చుకున్నాను. చెత్తలో వేయడానికి చేయి రాలేదు. విప్పొద్దు, కాల్చొద్దు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వేల మెత్తలు విప్పినవాడిని, సొంత మెత్త విప్పి ఒక్కసారి చూసుకునే వీలు లేకపోయింది. ఇంటివెనక నిమ్మచెట్టు పక్కన హుస్సేనమ్మ గొయ్యి తవ్వింది. నేను మూతికి మాస్కు పెట్టుకుని దూరంగా స్టూలు మీద కూర్చున్నాను. ఆమె సంచిని గోతిలో దించి నా వైపు తిరిగింది.

"ఏమన్న సదువుతవా దీనికి?" అంది ఆటపట్టిస్తూ.

నేను నవ్వలేదు. నాయినను మట్టిలో పెట్టిన రోజు ఏం చదివానో అదే మనసులో చదువుకున్నాను. ఆమెకు అర్థమై కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది.

తర్వాత నెలలు మందుల నెలలు. బూజు మందుకు నోరు చేదెక్కేది, ఒక్కోసారి కడుపు తిప్పేది. తెల్ల గోలీని ముక్కలు చేసి కొన్ని వారాలకొకసారి కొద్దికొద్దిగా తగ్గించారు. తగ్గించినప్పుడల్లా నాలుగు రోజులు నీరసం, చిరాకు. నెలనెలా పట్నం వెళ్లి రక్తం ఇచ్చి, కణాల లెక్క తగ్గిందంటే పండుగలా చాయ్ తాగి తిరుగు బస్సెక్కేవాళ్లం. ఒక నెల కొంచెం పెరిగింది. ఆ నెల ఒకరినొకరు చూసుకోకుండా కూర్చున్నాం. మరుసటి నెల దిగింది. వరండాలో హుజూర్‌నగర్ పెద్దమనిషి కోసం ప్రతిసారీ వెతికాను, మళ్లీ కనబడలేదు. ఎక్కడున్నా చల్లగా ఊపిరి తీసుకోవాలని కోరుకుంటాను.

ఏడో నెల పడ్డాక రేష్మ మా ఇంటికొచ్చింది. ఉయ్యాల పరుపు మాట నేను మరిచిపోలేదు. అయితే పాత దూది ఏకడం, మిషన్ దగ్గర నిలబడటం డాక్టరమ్మ పూర్తిగా మానిపించింది. కాబట్టి గింజ తీసిన కొత్త దూది తెప్పించాం. షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి, మూతికి రెండు వరసల గుడ్డ కట్టుకుని హుస్సేనమ్మ మిషన్ నడిపింది. నేను వీధికి అవతల, ఎదురింటి అరుగు మీద కూర్చుని అరిచాను.

"ఇంకో రెండు సార్లు ఎయ్యే! గడ్డలున్నయి!"

"నీ కండ్లకున్నయి గడ్డలు! నువ్వు ఊపిరి చూస్కో, దూది నేను చూస్త!"

వీధంతా తెల్లగా అయింది. ఎవరూ తిట్టలేదు. ఒకామె చీపురు తెచ్చి తన వాకిలితోపాటు మాదీ ఊడ్చిపోయింది.

మధ్యాహ్నం దూది కూర్చి మూడువైపులా కుట్టాక హుస్సేనమ్మ ఆగింది. నాలుగోవైపు తెరిచి ఉంది. పిడికెడు వేయాల్సింది అక్కడే. నాయిన ఉన్నప్పుడు ఈ సమయానికి ఆయన మెత్త తెచ్చి పక్కన పెట్టి, పిడికెడు తీసి, బిస్మిల్లా అని లోపలికి తోసేవాడు. ఆమె సూది పట్టుకుని, షెడ్డు గుమ్మంలోంచి నా వైపే చూసింది. నా కుడిచేయి దానంతటదే పిడికిలి బిగుసుకుంది. దాన్ని తెరిచి మోకాలి మీద పెట్టుకున్నాను.

"కుట్టెయ్" అన్నాను.

ఎండలు ముదిరాక పాప పుట్టింది. మూడు కిలోలకు కొంచెం తక్కువ. ఏడుపు మాత్రం మా మిషన్‌కంటే గట్టిది. గుక్కపట్టి ఏడుస్తుంటే అందరూ ఊరుకోబెట్టాలని చూస్తారు, నాకు మాత్రం ఆ ఊపిరి బలం వింటుంటే కడుపు నిండిపోతుంది.

పోయిన వారం సంగతి చెప్పి ఆపేస్తాను. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. రేష్మ స్నానానికి వెళ్తూ పాపను చూస్తూ ఉండమంది. ఉయ్యాల పక్కన చాప వేసుకుని, తల కింద దుకాణంలో కొన్న స్పంజి మెత్త పెట్టుకుని, తాడు లాగుతూ పడుకున్నాను. జీవితమంతా తిట్టిన మెత్త అది. దానికి ఏ వాసనా లేదు. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

మెలకువ వచ్చేసరికి హుస్సేనమ్మ పక్కన గొంతుక్కూర్చుని ఉంది. చేతికి పిండి అంటి ఉంది. వంటింట్లోంచి పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. పాప గురించి కంగారుపడిందనుకున్నాను.

"మంచిగనే పండుకున్నది. బిడ్డ ఊపిరి మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకు" అన్నాను.

"బిడ్డ కోసం రాలే" అంది. అప్పుడు చూశాను, ఆమె వేళ్లు నా ముక్కు కింద ఉన్నాయి. "రెండేండ్ల సంది నువ్వు దగ్గని జాము లేదు. ఇయ్యాల ఇంతసేపు ఇనపడకపొయ్యేసరికి నా పానం పొయ్యింది."

చేయి తీయలేదు. నేనూ తీయమనలేదు. పెదాలు ముడిచి, వేడి చాయ్ ఊదినట్టు, ఆమె వేళ్ల మీద మెల్లగా ఊపిరి వదిలాను.